కుదరని రోజు కోసం ఎంచుకున్న తూటా

మా పక్కింటి పెద్దాయన పోయిన సంగతి నాకు మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో తెలిసింది. ఆగస్టు చివరి వారం. నేను జార్జియాలో, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో అక్క ఇంట్లో ఉన్నాను. పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తీస్తే, లాన్‌లో స్ప్రింక్లర్ బాగుచేసేవాళ్లు ఎవరైనా తెలుసా అని ఒకరు అడిగినదానికీ, పిల్లల సైకిల్ ఉంది, కావాల్సినవాళ్లు వచ్చి తీసుకెళ్లండి అని ఇంకొకరు పెట్టిన ఫొటోకీ మధ్య రెండు లైన్లు కనిపించాయి. మూల మీద ఇంట్లో ఉండే పెద్దాయన నిన్న హాస్పిటల్‌లో పోయారు, వారి కుటుంబానికి సానుభూతి అని. కింద నలుగురైదుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ తరువాత మళ్లీ స్ప్రింక్లర్ మాటే.

"ఎవరే?" అంది అక్క నా మొహం చూసి.

"పక్కింటి అంకుల్."

"ఆ వేటకెళ్లే ఆయనా?"

అవునన్నాను. అక్క "పెద్దవయసేగా" అంది. ఓదార్పుగానే అంది. కానీ ఆ మాటతో ఆ సంభాషణ అయిపోయింది. ఆయన గురించి నాతో మాట్లాడగలిగిన మనిషి నాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ లేరని అప్పుడు తట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

మిచిగన్‌లోని నోవైలో నేనుండే ఇల్లు నేనూ మా ఆయనా కలిసి కొన్నాం. ఆయన టెక్సాస్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లారు. కొన్నాళ్లకు కాగితాల మీద కూడా విడిపోయాం. ఇల్లు నాకు మిగిలింది. నేను కార్ల కంపెనీలో ఇంజినీర్ని. కారు దేన్నైనా గుద్దుకున్నప్పుడు ముందుభాగం ఎలా నలిగితే లోపలి మనిషి బతుకుతాడో కంప్యూటర్ మీద లెక్కగట్టడం నా పని. పగలంతా అదే. సాయంత్రాలకు మాత్రం నా దగ్గర ఏ లెక్కా ఉండేది కాదు.

చెత్తబండి వచ్చే రోజు పొద్దున డబ్బా రోడ్డు మీదకు లాగుతుంటే పక్కింటి పెద్దాయన మొదటిసారి నాతో మాట్లాడారు. ఉన్ని టోపీ, కాళ్లకు బూట్లు, పైన పంచెలాంటి లుంగీ. నా రీసైక్లింగ్ డబ్బాలోకి తొంగిచూసి, "ఈ పాల డబ్బాలు నాకు ఇస్తవా బిడ్డా?" అన్నారు.

"తీసుకోండి అంకుల్. మొక్కలకా?"

"తుపాకితోని కాల్చనీకి."

నేను ఒక అడుగు వెనక్కి వేసినట్టున్నాను. ఆయన నవ్వలేదు, నా భయాన్ని తేలిక చేసే ప్రయత్నమూ చేయలేదు. ఒక డబ్బా మూత తీసి, కడిగి ఉందో లేదో వాసన చూసి, "ఒక్కదానివే ఉంటవు కదా. వారానికి రెండు గ్యాలన్ల పాలు ఏం చేస్తవు?" అని అడిగారు.

ఇంట్లో ఇద్దరున్నప్పటి అలవాటు కొద్దీ కొంటున్నాను. తోడుపెట్టడం, పుల్లబడితే పారబోయడం. ఆ మాట చెప్పలేక, "పెరుగు ఎక్కువ తింటాను" అన్నాను. ఆయన తలూపారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. మరి అడగలేదు.

అప్పటినుంచి ఖాళీ డబ్బాలు ఆయన గ్యారేజీలో పెట్టడం నా పని అయింది. ఆ గ్యారేజీలో కారు ఉండేది కాదు. ఒక పక్క ఉక్కు బీరువాలో రైఫిల్. ఒక పక్క పాత ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి. మధ్యలో పొడుగాటి బల్ల. వాళ్లావిడ శాకాహారి. వేటకు వెళ్లవద్దని ఏనాడూ అనలేదట గానీ, మాంసమూ తుపాకీ మందు వాసన ఉన్న కోటూ గడప దాటి లోపలికి రాకూడదని మాట తీసుకుందట. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం అలాగే ఉంది. చలికాలంలో కూడా ఆ కోటు గ్యారేజీలోనే విప్పి, వణుకుతూ లోపలికి వెళ్లేవారు. "ఇప్పుడు ఎవరు చూస్తారు అంకుల్?" అన్నాను ఒకసారి. "నేను చూస్త కదా" అన్నారు.

ఆయన లోహాల ఇంజినీరు. డెట్రాయిట్ దగ్గర ఉక్కును కాల్చి సాగగొట్టే ఒక ఫోర్జింగ్ కర్మాగారం ల్యాబ్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. బల్ల మీద కిటికీ పక్కన నిలువునా రెండుగా కోసి, అద్దంలా నునుపు చేసిన బుల్లెట్లు వరసగా పెట్టి ఉండేవి. నాకు అవన్నీ ఒకలాగే కనిపించేవి. ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పారు.

"తూటా అంటే మొత్తం. ఇత్తడి గొట్టం, లోపల మందు, కొసకు బుల్లెట్. మనిషి ఎంత మంచి రైఫిల్ కొన్నా, ఎంత మంచు తొక్కినా, ఆఖరుకు జంతువును తాకేది ఇది ఒక్కటే." చిటికెనవేలి కొస చూపించారు. "ఇంత."

ఒకదానికి రాగి తొడుగు కాగితమంత పలచగా ఉంది, లోపలంతా సీసం. తగలగానే చిట్లిపోతుంది, చిన్న జంతువులకు సరిపోతుంది గానీ, పెద్ద జంతువు భుజం ఎముక మీద పడితే పైపైనే పగిలి, లోపలికి పోదు. ఇంకొకటి గట్టి తొడుగుది, అసలు విచ్చుకోదు. సూదిలా దూరి అవతలికి పోతుంది. జంతువు ఆ గాయంతో మైళ్లు నడిచి ఎక్కడో పోతుంది. మూడోదానిలో తొడుగూ సీసమూ ఒకదానికొకటి అతికించి ఉన్నాయి, ఎముకకు తగిలినా విడిపోవు. నాలుగోది మొత్తం రాగే, ముందు చిన్న గుంట. తగిలితే ముక్కు పూరేకుల్లా వెనక్కి విచ్చుకుంటుంది, దాని ముక్క ఒక్కటీ ఒంట్లో ఊడదు.

నేను చూపు తిప్పుకోలేకపోయాను. నేను కార్ల విషయంలో చూసేదే ఇది. ఎక్కడ మెత్తగా ఉండాలి, ఎక్కడ గట్టిగా ఉండాలి, ఏది ముందు నలగాలి. ఆ మాటే ఆయనతో అన్నాను.

"నువ్వు లోపలోళ్లు బతకాలని చూస్తవు. నేను అది నొప్పి తెల్వకుండ పోవాలని చూస్త" అన్నారు. ఆ తరువాత ఒక మాట అన్నారు. దాన్ని నేను తుపాకులతో సంబంధం లేని ఎన్నో చోట్ల తలుచుకున్నాను. "అన్నీ మంచిగ కుదిరిన రోజు ఏ బుల్లెట్టయినా పనిచేస్తది బిడ్డా. కుదరని రోజు కోసం ఎంచుకోవాలె."

ఆయనకు వేట ఎలా అబ్బిందో కూడా ఆ గ్యారేజీలోనే చెప్పారు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడు నవంబర్‌లో జింకల సీజన్ మొదలవగానే కర్మాగారం సగం ఖాళీ అయిపోయిందట. ఈయన ఒక్కడే ల్యాబ్‌లో కూర్చుని ఉంటే పనివాళ్ల మీద మేస్త్రీగా ఉండే ఫోర్‌మన్ తలుపు దగ్గర ఆగి, సెలవుల్లో ఏం చేస్తావని అడిగాడట. ఏమీ లేదన్నారట. "అయితే రా" అన్నాడట. ఉత్తరాన అడవిలో ఒక చెక్క క్యాబిన్. ఫోర్‌మన్‌తో కలిపి ముగ్గురు స్నేహితులు, ఒక పొయ్యి, ఒక బల్ల. ఈయనకు వాళ్ల తిండిలో గుడ్డు తప్ప ఏదీ అలవాటు లేదు. వాళ్లు వారమంతా గుడ్లు వండిపెట్టారట.

"ఈ దేశంల నన్ను కూర్చో అన్న మొదటి బల్ల అది" అన్నారు.

ముప్ఫై ఏళ్లకు పైగా ఆ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు పోయారు. క్యాబిన్‌ని వాళ్ల పిల్లలు అమ్మేశారు. ఇక్కడ మన తెలుగువాళ్ల పూజల్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఈయన వేట సంగతి తెలిసినవాళ్లు కొంత ఎడంగా ఉండేవారు. ఒకావిడ ఎదురుగానే, "అంత చదువుకుని ఆ హింసేమిటండీ" అన్నారట. పక్కనే ఆవిడ భర్త చికెన్ బిర్యానీ వడ్డించుకుంటున్నాడట. ఈయన ఆ తరువాత వెళ్లడం మానేశారు.

ఫోర్‌మన్ గురించి మాత్రం ఎక్కువ చెప్పేవారు. ఒకసారి ఆ నలుగురూ కొలరాడోకి ఎల్క్ వేటకు వెళ్లారు. ఎల్క్ అంటే మన అడవుల్లోని కణుజు లాంటిదే, గుర్రమంత ఉంటుంది. ఫోర్‌మన్ ఇక్కడ జింకలకు వాడే తేలికపాటి బుల్లెట్‌తోనే దాని భుజం మీద కొట్టాడు. బుల్లెట్ ఎముక మీద చిట్లింది. ఎల్క్ తూలి, నిలదొక్కుకుని, చెట్లలోకి పోయింది. చీకటిపడేదాకా మంచు మీద నెత్తురు చుక్కలు వెతికారు. మర్నాడూ వెతికారు. కొత్త మంచు పడి అన్నీ కప్పేసింది.

"ఇరవై ఏళ్ల తర్వాత హాస్పిటల్‌ల ఆఖరు రోజుల్ల కూడ దాని గురించే అడిగిండు. అది బతికి ఉంటదంటవా అని. ఉంటది అన్న." ఆయన చేతిలో ఉన్న కోసిన బుల్లెట్‌ని బల్ల మీద పెట్టేశారు. "ఏం చెప్పాలె మరి?"

మిచిగన్‌లో ఎల్క్‌లు ఉత్తరాన కొద్ది చోట్లే ఉన్నాయి. వేటాడాలంటే ఏటా దరఖాస్తు చేసుకోవాలి, లాటరీలో పేరు రావాలి. చాలామందికి జీవితమంతా రాదు. ఆయన ఏళ్ల తరబడి వేస్తూనే ఉన్నారు. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒక పొద్దున, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా లాన్ దాటి వచ్చి నా తలుపు కొట్టారు. చేతిలో ఫోన్.

"వచ్చింది బిడ్డా."

"ఏం వచ్చింది అంకుల్?"

"ఎల్క్ లైసెన్స్. ఆడదానికి. డిసెంబర్‌ల."

గుమ్మంలో అలాగే నిలబడ్డారు. నేను లోపలికి రమ్మంటే రాలేదు. "ఎవరికి చెప్పాల్నో తెల్వలే" అన్నారు. ఈ మాట వినాల్సిన ముగ్గురూ లేరు. అందుకని నా దగ్గరికి వచ్చారు.

సియాటిల్‌లో ఉన్న వాళ్లమ్మాయి ఫోన్‌లో గట్టిగానే వద్దంది. అంతకుముందు ఏడే ఆయన కుడిభుజానికి ఆపరేషన్ అయింది. గుండె కూడా అంత బాగాలేదు. ఒంటరిగా వెళ్లడానికి వీల్లేదని ఆ అమ్మాయి, పోకపోతే ఇంకెప్పుడని ఈయన. స్పీకర్‌లో వాళ్ల వాదన వింటూ నేను, "నేను తీసుకెళ్తాను" అన్నాను. తుపాకీ నేను జీవితంలో ముట్టుకోలేదు. కానీ ఆ డిసెంబర్‌లో నాకు వేరే ఏ పనీ లేదు. ఎవరూ రారు, ఎక్కడికీ వెళ్లను.

ఆ ఎండాకాలమంతా బుల్లెట్ ఎంపికతోనే గడిచింది. ఫ్లింట్ ఊరు దాటాక ఆయనకు తెలిసిన ఒక రైతు పొలం ఉంది. నా కారు వెనకంతా పాల డబ్బాలు నింపుకుని వెళ్లేవాళ్లం. అక్కడ నీళ్లు పట్టి, ఒక చెక్క మీద ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టేదాన్ని. ఆయన దూరంగా బల్ల దగ్గర కూర్చుని కాల్చేవారు. నీళ్లు ఆకాశంలోకి లేచేవి. బుల్లెట్ ఏ డబ్బా దాకా వెళ్లిందో, ఎలా విచ్చుకుందో వెతికి తేవడం నా పని.

ఆయన మనసంతా బరువైన బుల్లెట్ మీద ఉండేది, ఆ సీసం అతికించిన రకం మీద. కొలరాడో తరువాత తేలికది ఆయనకు గిట్టదు. కానీ బరువు పెరిగితే రైఫిల్ వెనక్కి తన్నడం పెరుగుతుంది. మూడోసారి కాల్చాక రైఫిల్ బల్ల మీద పెట్టి భుజం పట్టుకున్నారు. నాలుగోసారి మీట నొక్కకముందే కళ్లు మూసుకున్నారు. నేను బైనాక్యులర్స్ ఎత్తి చూస్తే డబ్బాలు చెక్కు చెదరలేదు. గుండు పక్కన మట్టిలో దిగబడింది.

రైతు ఇంటివైపు చూస్తూ కూర్చున్నారు.

"దెబ్బకు భయపడుతున్న బిడ్డా" అన్నారు చివరికి. "పేలకముందే చెయ్యి వణుకుతున్నది. ఈ బుల్లెట్ మంచిదే. నాకే సరిపోదు."

ఆయన కళ్లలో నీళ్లు రాలేదు. కానీ ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో చూశాను. వారం తరువాత పిలిచి, తేలిక బుల్లెట్టే తీసుకుంటున్నానని చెప్పారు, మొత్తం రాగితో చేసింది. అది ఎముక మీద పగలదు, బరువు కోల్పోదు, కనక తేలికదైనా లోతుకు పోతుంది. తన్నేదీ తక్కువ. ఒకటే షరతు, వేగం తగ్గితే రాగి విచ్చుకోదు. కాబట్టి దూరం నుంచి కాల్చకూడదు. దగ్గరికి వెళ్లాలి, లేదా ఊరుకోవాలి.

"ఇంకోటి. సీసం ముక్కలు పేగుల్లో ఉండిపోతయి. మనం వదిలేసినవి గద్దలు తింటయి. రాగితోని ఆ బాధ లేదు" అన్నారు. ఆ తరువాత తనలో తను అనుకున్నట్టు, "జంతువును చూసి ఎంచుకునుడు అందరికీ తెలుసు. తనను తాను చూసి ఎంచుకునుడే కష్టం" అన్నారు.

డిసెంబర్‌లో బయలుదేరాం. మేం దిగిన ఊరి పేరు అట్లాంటా. అక్క ఫోన్‌లో, "అట్లాంటా దాకా వచ్చి మా ఇంటికి రావా?" అంది. ఇది మిచిగన్ అట్లాంటా, చిన్న ఊరు, మంచు తప్ప ఏమీ లేదని చెబితే చాలాసేపు నమ్మలేదు. స్థానికంగా ఒక గైడ్‌ను మాట్లాడుకున్నాం, గడ్డం నెరిసిన తక్కువ మాటల మనిషి.

మొదటిరోజు సాయంత్రం ఒక మంద చెట్ల అంచుకు వచ్చింది. గైడ్ ఒకదాన్ని చూపించాడు. పెద్దాయన రైఫిల్ కర్ర మీద ఆనించి చూశారు. అది మాకు దాదాపు ఎదురుగా, కొంచెం పక్కకు తిరిగి నిలబడి ఉంది; అలా ఉన్నప్పుడు గురి ఇసుమంత తప్పినా గాయమే మిగులుతుంది. ఆయన చాలాసేపు చూసి రైఫిల్ దించేశారు.

"దూరం సరిపోతుందిగా" అన్నాడు గైడ్ గుసగుసగా.

"బుల్లెట్ పోతది. నా చెయ్యి మీద నమ్మకం లేదు" అన్నారు ఈయన, ఇంగ్లిష్‌లోనే. మంద నెమ్మదిగా లోపలికి వెళ్లిపోయింది. మోటెల్‌కి తిరిగి వస్తుంటే ఆయన, "ఇంతే కావచ్చు" అన్నారు. నేను కారులో హీటర్ పెంచాను.

మర్నాడు మధ్యాహ్నం సన్నగా మంచు పడుతోంది. ఒక పాత దారి పక్కన కూర్చుని ఉండగా ఒక ఆడ ఎల్క్ మందకు కాస్త ఎడంగా బయటికి వచ్చింది. పక్కకు తిరిగి, తల ఎత్తి నిలబడింది. చాలా దగ్గర. వెంట్రుకల మీద మంచు పొడి కూడా కనిపించింది. ఆయన ఊపిరి పీల్చి, సగం వదిలారు. నేను ఆ చప్పుడుకు సిద్ధంగానే ఉన్నాను, అయినా ఉలిక్కిపడ్డాను. అది నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు నిలబడి, ముందుకాళ్లు మడిచి పడుకుంది. అంతే. మళ్లీ లేవలేదు.

మమ్మల్ని వెంటనే దాని దగ్గరికి పోనివ్వలేదు ఆయన. ప్రాణం పూర్తిగా పోయేదాకా దూరంగానే ఆపారు. తరువాత నా చెయ్యి పట్టుకుని మంచులో నడిచారు. దగ్గరికి వెళ్లాక మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్ తీసి, దాని మెడ మీద అరచెయ్యి పెట్టారు. బుల్లెట్ అవతలినుంచి బయటికి పోయింది. మంచులో ఎక్కడో ఉంటుంది, ఆయన దానికోసం చూడలేదు.

"ఇది దొరికింది" అన్నారు. "వానికి చెప్పాలె, దొరికిందని."

గైడ్ టోపీ తీసి పక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఆ భాష అతనికి తెలియదు. ఆ ముసలాయన ఏడుస్తుంటే నేను పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాను, ఆపరేషన్ కాని భుజం మీద.

ఆ జనవరిలో ఎల్క్ మాంసం గోంగూర వేసి గ్యారేజీలో గ్యాస్ పొయ్యి మీద వండారు. ఇద్దరం కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, స్టీల్ కంచాల్లో తిన్నాం. అన్నం మీదినుంచి ఆవిరి, మాటల్లోంచి ఆవిరి. కారం ఎక్కువైంది. నాకు ఆ ఇంట్లో ఇద్దరున్న రోజుల్లో కూడా అంత కడుపునిండా తిన్న గుర్తు లేదు.

తరువాత ఆయన ఒంట్లో బలం తగ్గుతూ వచ్చింది. ఈ ఏడు దరఖాస్తు వేయలేదు. నేను అడిగితే, "ఇంకెవరికన్న రానీ" అన్నారు.

ఆయన పోయారని తెలిశాక నేను నోవైకి తిరిగి వచ్చాను. అంత్యక్రియలప్పుడు ఫ్యూనరల్ హోమ్‌లో మేం పదిమందిమి కూడా లేము. వాళ్లమ్మాయి నన్ను చూసి దగ్గరికి వచ్చింది. అమెరికాలోనే పుట్టి పెరిగింది; తెలుగులో ఆడా మగా కలిసిపోతాయి. "నాన్న మీ గురించి చాలా చెప్పింది. ఎవ్రీ సండే. మీరు వాటర్ జగ్స్ అన్నీ పెడతారు అని" అంది. రైఫిల్‌ని తుపాకుల దుకాణానికి ఇచ్చేసిందట. మరునాడు గ్యారేజీ ఖాళీ చేస్తుంటే సాయం వెళ్లాను. కిటికీ దగ్గరి కోసిన బుల్లెట్లు చూసి, "ఇవేంటి?" అని అడిగింది.

పలచటి తొడుగుది చేతిలోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఇది ఎముక మీద పగిలిపోతుంది. ఇది సూదిలా పోతుంది. చెబుతూ చెబుతూ అవి ఆయన మాటలేనని, ఆ నెమ్మది కూడా ఆయనదేనని తెలిసి ఆగిపోయాను. ఆ అమ్మాయి, "ప్లీజ్, చెప్పండి" అంది. నేల మీద అట్టపెట్టెల మధ్య కూర్చుంది. నేను చివరిదాకా చెప్పాను. రాగిది తీసుకుని సియాటిల్ వెళ్లిపోయింది.

ఇల్లు అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు వచ్చి చూసి వెళ్తున్నారు.

పోయిన శనివారం ఒక్కదాన్నే ఉత్తరానికి డ్రైవ్ చేశాను. సెప్టెంబర్ చివర మగ ఎల్క్‌లు జతకోసం కూస్తాయి, ఈల లాంటి పొడవాటి అరుపు. అది వినాలని ఆయన ఎన్నోసార్లు చెప్పారు, ఎప్పుడూ కుదరలేదు. పొద్దు వాలుతుండగా ఒక గడ్డిబీడు పక్కన కారు ఆపి, అద్దాలు దించి కూర్చున్నాను. చలి. ఎవరూ లేరు. చాలాసేపటికి చెట్లలోంచి ఒకటి కూసింది, సన్నగా లేచి, తెగిపోయినట్టు ఆగింది. జవాబు రాలేదు. మళ్లీ కూసింది. మళ్లీ రాలేదు. అప్పుడది తనే బయటికి వచ్చి, బీడు మధ్యదాకా నడిచి, తల తిప్పి నా కారువైపు చూసింది. దాని ముక్కునుంచి ఆవిరి వస్తోంది. తరువాత తొందరేమీ లేకుండా అవతలి చెట్లలోకి వెళ్లిపోయింది. అది నిలబడిన చోట వంగిన గడ్డి ఒక్కొక్క పోచే మెల్లగా లేవడం, వెలుగు ఉన్నంతసేపూ చూస్తూ కూర్చున్నాను.